పదహారు సైజు కాలరు

మాస్టరు మెడ దగ్గర నాడా ముడి బిగుసుకుని ఉంది. పదకొండు రోజులుగా బెంగమ్మ చూపు మొదట పడేది దాని మీదే. నోట్లోంచి వచ్చిన గొట్టం, అది కదలకుండా బుగ్గలకు అంటించిన పట్టీ, ఆయన బదులు బుస్సుమంటూ ఊపిరి పీలుస్తున్న మిషను, దాని పైన పచ్చగీతలు పరిగెత్తే పెట్టె, అవన్నీ తర్వాత. ఆస్పత్రివాళ్ళు తొడిగిన గౌనుకు మెడ వెనక ఉండాల్సిన నాడాలు పక్కకు జరిగి దవడ కింద గట్టి ముడై కూర్చున్నాయి. కుట్టినవాళ్ళెవరోగానీ నాడా చివర మడవకుండా వదిలేశారు. దారాలు లేచి గీసుకుని అక్కడ చర్మం కందిపోయింది.

కాలరుకూ మెడకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి, దూరకపోతే అది చొక్కా కాదు శిక్ష అంటాడు మాస్టరు. ఎవరి మెడకు టేపు చుట్టినా తన రెండు వేళ్ళు లోపల పెట్టి మరీ కొలిచే మనిషి.

ముడి విప్పి వదులుగా కట్టాలని ఆమె చెయ్యి లాగుతూనే ఉంది. కానీ ఏ ముడి దేనికి తగిలించారో ఎవరికి తెలుసు? మూడో రోజు దుప్పటి సర్దబోతే పెట్టె కీచుమని అరిచింది. ఇద్దరు నర్సులు పరిగెత్తుకొచ్చారు. అయిపోయింది, నా చేతులతో నేనే చంపుకున్నానని ఆమె గోడకు అతుక్కుపోయింది. తీరా చూస్తే వేలికి పెట్టిన క్లిప్పు జారింది, అంతే. అప్పట్నుంచీ చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటోంది.

వీధిలో అందరికీ ఆమె టైలరు మాస్టరుగారి భార్య. బెంగమ్మ అనే పేరు మాస్టరు పెట్టిందే. కుక్కరు కూత ఆలస్యమైతే పేలుతుందేమోనని, కూత వేస్తే పేలిపోయిందని హడలిపోయే మనిషిని ఇంకేమని పిలవాలి అనేవాడు. పిల్లలు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె మనసులో అప్పటికే ఏడుపు కూడా అయిపోయేది. ఇన్నేళ్ళూ ఇన్ని భయపడింది కదా, ఒక్కటీ నిజం కాలేదు. నిజమైన ఈ ఒక్కదానికి మాత్రం ఆ భయాలేవీ తర్ఫీదు ఇవ్వలేదు.

"అమ్మా, డాక్టరుగారు పిలుస్తున్నారు," అన్నాడు కొడుకు తలుపు దగ్గర నుంచి. బస్సు నడిపే గొంతు వాడిది, మెల్లగా అన్నా వరండా చివరిదాకా వినిపిస్తుంది.

డాక్టరమ్మ గదిలో మూడు కుర్చీలు ముందే వేసి ఉన్నాయి. కుర్చీలు ముందే వేశారంటే మంచి మాట కాదని బెంగమ్మకు అప్పుడే అర్థమైంది. కొడుకు ఒక పక్క, కూతురు ఒక పక్క కూర్చున్నారు. కూతురు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగిస్తుంది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ళ చివర తెల్లటి పొడి ఇంకా పోలేదు.

"ఊపిరితిత్తులు ఇక వాటంతట అవి పనిచేసే స్థితిలో లేవమ్మా," అంది డాక్టరమ్మ. "కిడ్నీలు కూడా మొరాయిస్తున్నాయి. నోట్లో గొట్టం ఇలా ఇంకెన్నో రోజులు ఉంచలేం. మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి, అక్కణ్ణించి గొట్టం వేసి, మిషను మీదే ఉంచొచ్చు. కొన్నాళ్ళు గడుస్తాయి. లేచి కూర్చుంటారని మాత్రం నేను చెప్పలేను. లేదంటే బాధ తెలియకుండా మందిచ్చి, గొట్టం తీసేసి, ఆయన ఊపిరికి ఆయన్ని వదిలేయొచ్చు. అప్పుడు గంటలే ఉండొచ్చు, ఒక రోజు ఉండొచ్చు."

డాక్టరమ్మ ముగ్గురి వైపూ ఒకసారి చూసింది.

"మీకేం కావాలని అడగట్లేదు నేను. ఆయనకేం కావాలో చెప్పండి. పోయినేడు నాలుగు రోజులు మిషను మీద ఉండి బయటపడ్డారు కదా. ఆ తర్వాత దీని గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నారా? ఎక్కడైనా రాసిపెట్టారా?"

"లేదండీ," అంది బెంగమ్మ.

అనాలని అనలేదు. ఎప్పట్నుంచో నోటి దగ్గరే కూర్చున్న మాటలా దూకేసింది.

"అన్నారు," అంది కూతురు. "మళ్ళీ గొట్టం వద్దన్నారు. నాతో అన్నారు."

కొడుకు కుర్చీ కిర్రుమంది. "ఎప్పుడు? ఎవరి ముందర?"

"నాతోనే అన్నయ్యా."

"నీతోనే! పొద్దస్తమానం పక్కనుండే అమ్మకు చెప్పకుండా, నెలకోసారి చుట్టంచూపుగా వచ్చే నీకు చెప్పారు!" వాడు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీతో ఎప్పుడైనా అన్నారా?"

బెంగమ్మకు ఎటు చూడాలో తెలియలేదు. డాక్టరమ్మ తెల్లకోటు మూడో గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది. దాన్నే చూస్తూ, "నాతో ఏమీ అనలేదురా," అంది.

"విన్నావుగా! ఏమ్మా, నాన్న ఊపిరి నీకంత బరువైపోయిందా? షాపులో సెలవు ఇవ్వనన్నారా?"

కూతురు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారే తల్లి వైపు చూసి, వేళ్ళకంటిన పొడి చీర అంచుకు తుడుచుకుంది.

"ఇంట్లో అందరూ ఒక మాట మీదకు రండి," అంది డాక్టరమ్మ. "ఎల్లుండి పొద్దున మాట్లాడదాం."

*

మర్నాడు పొద్దున బెంగమ్మ కొట్టు తెరిచింది. కొట్టంటే ఇంటి ముందుగదే. ఊరికే కూర్చుంటే గోడలు మీదకొచ్చేలా ఉన్నాయి. కాపలావాళ్ళ చొక్కాలు పన్నెండు సగంలో ఆగి ఉన్నాయి. కత్తిరించడం మాస్టరు పని, కుట్టడం ఆమె పని. బల్ల మీద చాక్‌పీసు ఆయన వదిలిన చోటే ఉంది. పెద్ద కత్తెర పిడికి చుట్టిన గుడ్డపేలిక ఆయన బొటనవేలి ఆకారంలోకి గుంటపడింది.

మూడు చొక్కాలకు కాలర్లు తక్కువ. గోడ మేకుకు దారంతో గుత్తిగా వేలాడుతున్న కాగితపు నమూనాల్లోంచి పదహారు సైజుది తీయాలి. తీయడానికి చెయ్యెత్తి, దించేసి, మళ్ళీ ఎత్తింది.

గోధుమరంగు గట్టి కాగితం. ఒక పక్క మాస్టరు లావుపాటి పెన్సిలుతో 16 అని వేసి కింద గీత గీశాడు. ప్రతి నమూనా మీదా అలాగే వేస్తాడు. ఆమె రెండో పక్కకు తిప్పింది.

"...మళ్ళీ ఊపిరి అందకపోతే గొట్టం వేయించవద్దు. పోయినసారి చేతులు కట్టే..." కాలరు వంపు దగ్గర మాట తెగిపోయింది. దానితో కలిపి కట్టిన కాలరు పట్టీ ముక్క మీద, "...ఆవిడకు భయం ఎక్కువ. ఆమెను కసరవద్దు. నెమ్మదిగా..." అంతవరకే.

ఎనిమిది నెలల కిందట ఇదే బల్ల మీద పెట్టి రాశాడు. చిన్న కాగితాల మీద రాయడం ఆయనకు అలవాటు లేదు, చొక్కా ముందుభాగమంత కాగితం కావాలి. కింద సంతకం కూడా చేసి, "ఈసారి మందులకు వెళ్ళినప్పుడు డాక్టరుకిచ్చెయ్. నేనైతే మర్చిపోతా," అన్నాడు.

"ఇలాంటివి రాస్తారా ఎవరైనా? రాస్తే జరగదూ?"

"రాయకపోతే జరగదేంటే పిచ్చిదానా?"

ఆమె ఇవ్వలేదు. బియ్యం డబ్బా కింద పెట్టింది. అక్కడుంటే ఇల్లంతా వినిపిస్తున్నట్టుండేది. చింపేద్దామంటే చెయ్యి రాలేదు, చింపితే ఆయన్ని చింపినట్టే. కాల్చడం ఇంకా అపశకునం. చివరికి ఒక మధ్యాహ్నం, ఆయన నిద్రపోతుండగా, కాలరు నమూనా నలిగిపోయింది కదా అనుకుని, దాన్ని ఈ కాగితం మీద పెట్టి కత్తిరించింది. పనికొచ్చే వస్తువు చేస్తే తప్పెలా అవుతుందని తనకు తనే చెప్పుకుంది. సంతకమున్న మూల కత్తిరింపుల్లో పడి చెత్తలోకి పోయింది. ఆ తర్వాత ఆ నమూనాతో ఆయనే ఎన్ని కాలర్లు కత్తిరించాడో. తిప్పి చూసి ఉండడు. చూస్తే అడగడూ?

పన్నెండు రోజుల కిందట ఆయన ఈ బల్ల పక్కనే కూలబడ్డప్పుడు, ఆస్పత్రి వాకిట్లో ఎవరో కుర్ర డాక్టరు, "గొట్టం వేయాలమ్మా, వేయమంటారా?" అని అరిచాడు. "వెయ్యండి బాబూ, వెయ్యండి!" అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది ఈమే.

ఫోను మోగింది. ఆడపడుచు.

"వదినా, నేను విన్నది నిజమేనా? కన్నతండ్రి గొట్టం పీకెయ్యమందట కదా నీ కూతురు! దాన్ని భుజాల మీద మోశాడు వదినా మా అన్నయ్య. దాని గుండె గుండేనా, గాజుబిళ్ళా?"

"ఊఁ," అంది బెంగమ్మ.

"పిల్లాడు నయం, గట్టిగా గడ్డి పెట్టాడట. నువ్వేమీ అనలేదటగా, పోన్లే, నీ మంచితనం. నేనొస్తున్నా సాయంత్రం."

"ఊఁ."

ఫోను పెట్టేసి ఆమె గుడ్డ పరిచింది, నమూనా అక్షరాలు కిందికి వచ్చేలా పెట్టింది, చుట్టూ చాక్‌తో గీసింది. వంపు చెడింది. తుడిచి మళ్ళీ గీసింది. మళ్ళీ చెడింది. నమూనా తీసుకుని చీర మడతల్లో పెట్టుకుంటే నిప్పురవ్వ పెట్టుకున్నట్టయింది. కాసేపటికి సంచిలోకి మార్చింది.

సాయంత్రం నాలుగింటికి చూసే వేళ. ఒక్కో రోగికి రెండు పాసులే. రోజూ ఒకటి తల్లిది, రెండోది అన్నాచెల్లెళ్ళు మార్చుకునేవారు. ఆ రోజు కొడుకు దాన్ని తన చేతుల్తో మేనత్తకు ఇచ్చేశాడు.

మెట్ల మలుపులో కూతురు కూర్చుని ఉంది. పక్కన తినకుండానే మూతపెట్టిన టిఫిన్ డబ్బా.

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉందమ్మా మీ అమ్మాయి," అన్నాడు తలుపు దగ్గర కాపలా మనిషి. "పాసు లేదు, నేనేం చేసేది?"

బెంగమ్మ చేతిలో పాసు చెమటకు మెత్తబడింది. ఇచ్చేస్తే సరిపోతుంది. ఒక్క మాట కూడా అక్కర్లేదు, చెయ్యి చాస్తే చాలు. కానీ ఇస్తే ఆడపడుచు ఎందుకంటుంది, ఎందుకో చెప్పాలి, చెబితే అన్నీ బయటపడతాయి, కొడుకు తన మొహాన్ని ఎలా చూస్తాడో...

కూతురు లేచి దగ్గరికొచ్చింది. ఏదో అడుగుతుందనుకుంది బెంగమ్మ. కూతురు ఆమె కళ్ళజోడు తీసి, తన సంచిలోని మెత్తటి గుడ్డతో రెండు అద్దాలూ తుడిచి, వెలుతురుకెత్తి చూసి, మళ్ళీ మొహానికి పెట్టింది.

"ఎంత మసగ్గా ఉందో చూడు. మెట్లు జాగ్రత్త," అంది.

మసక పోవడంతో కూతురి కళ్ళ కింద నలుపు మరీ స్పష్టంగా కనబడింది.

"రా వదినా, టైమైపోతుంది," అంటూ ఆడపడుచు మోచెయ్యి పట్టి లాగింది. బెంగమ్మ వెళ్ళింది. తల కొట్టేసినట్టయింది గానీ కాళ్ళు మాత్రం నడిచాయి.

లోపల ఆడపడుచు, "అన్నయ్యా, నేనొచ్చా, నీకేం కాదు, మేమున్నాం," అని పెద్దగా చెప్పుకుపోతోంది. మాస్టరు మణికట్లకు మెత్తటి పట్టీలు చుట్టి మంచానికి కట్టారు. గొట్టం లాక్కుంటారని అంది నర్సు. కుడిచేతి బొటనవేలు, రెండు వేళ్ళు మెల్లగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

"చూశావా వదినా, నన్ను దగ్గరకు రమ్మంటున్నాడు!"

బెంగమ్మకు తెలుసు అది పిలుపు కాదని. కత్తెర. దగ్గర్లో గుడ్డ లేకుండా ఆయన కత్తిరిస్తున్నాడు. దేన్ని కత్తిరిస్తున్నాడో కూడా తెలుసు. "పోయినసారి చేతులు కట్టే..." అన్నచోట తనే కదా మాట తెంపింది. "కట్టేశారు" అని ఉండేది అక్కడ.

ఆమె చెయ్యి మెడ దగ్గరి ముడిదాకా వెళ్ళి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

*

ఆ మర్నాడు పొద్దున డాక్టరమ్మ బల్ల మీద ఒక కాగితం ఉంది. మెడకు రంధ్రం చేయడానికి ఒప్పుకుంటున్నట్టు. కుర్చీలు రెండే వేసి ఉన్నాయి.

"మేమంతా ఒక మాట మీదే ఉన్నామండీ," అన్నాడు కొడుకు. "అమ్మ సంతకం పెడుతుంది."

డాక్టరమ్మ పెన్ను మూత తీసి ఇచ్చింది. బెంగమ్మ పట్టుకుంది. సంతకం పెట్టాల్సిన చోట చిన్న గీత ఉంది. పెట్టేస్తే ఆ సంచిలోది ఇక ఎప్పటికీ కాలరే. ఎవరూ తిప్పి చూడరు. కూతురు మెట్ల మీద కూర్చుంటుంది, ఇవాళ కాదు, ఇక ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి చావులోనూ మెట్ల మీదే కూర్చుంటుంది. తండ్రి ఊపిరి తీయమన్న పిల్ల అది అని పదిమందీ అంటుంటే, తను ఊఁ కొడుతూ ఉంటుంది.

"మా అమ్మాయి రావాలి," అంది.

"అది ఎందుకమ్మా మళ్ళీ..."

"రావాలిరా. పిలువు."

కూతురు వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. బెంగమ్మ పెన్ను కింద పెట్టి, సంచిలోంచి దారంతో కలిపి కట్టిన రెండు కాగితం ముక్కలు తీసి ఆ ఫారం మీద పెట్టింది.

"ఇదేంటి, కాలరు ముక్క?" అన్నాడు కొడుకు. తల్లికి మతి పోయిందేమోనని వాడి గొంతు తగ్గింది.

"తిప్పి చదువు. పైకి చదువు."

వాడు తిప్పాడు. తండ్రి అక్షరాలు గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. "మళ్ళీ ఊపిరి అందకపోతే గొట్టం వేయించ..." అక్కడిదాకా బస్సు గొంతుతో చదివి, ఆగి, మిగతాది పెదాలతోనే చదువుకున్నాడు. ముక్క అటూ ఇటూ తిప్పాడు. "మిగతాది ఏదీ?"

"కత్తిరించేశాను."

"ఎవరు?"

"నేనేరా! మీ నాన్న రాసిచ్చారు, డాక్టరుకివ్వమని. ఇస్తే ఏమవుతుందో అని నేను ఇవ్వలేదు. కాలరు చేసి మేకుకు తగిలించా. మొన్న డాక్టరుగారు అడిగితే లేదన్నా. నువ్వడిగితే నాతో ఏమీ అనలేదన్నా. అబద్ధం. మీ చెల్లెలు చెప్పింది నిజం. నువ్వు దాన్నన్న మాటలన్నీ నా మొహాన పడాల్సినవి."

మాటలు అయిపోయాయి. ఎవరైనా గట్టిగా ఒక్క కేక వేస్తే బాగుండుననిపించింది. ఎవరూ వేయలేదు. కొడుకు కాలరు ముక్కను రెండు చేతులతో, చిన్నపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని తలొంచుకున్నాడు.

"సంతకం కూడా పోయిందండీ," అంది బెంగమ్మ డాక్టరమ్మతో. "ఇది చెల్లుతుందా?"

"ఈ ముక్క సంగతి పక్కన పెట్టండమ్మా. ఆయన ఫలానా మాట అన్నారని మీరు చెబితే మాకు అదే ముఖ్యం." డాక్టరమ్మ ఫారం మెల్లగా వెనక్కి తీసుకుంది. "మొన్నయినా ఆ మాటే చాలేది."

కోపంగా అనలేదు. అందుకే మరీ గుచ్చుకుంది. రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఆయన చేతులు కట్టేసి ఉన్నాయి.

బయట వరండాలో బెంచీ మీద తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. కొడుకు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

"తిట్టవే నన్ను," అంది బెంగమ్మ. "నీ కాళ్ళకు మొక్కుతా, తిట్టు."

"నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"కాలరు సంగతి. నాన్నే చూపించారు, ఎండాకాలంలో వచ్చినప్పుడు. మేకు మీంచి తీసి, తిప్పి, 'చూడవే, మీ అమ్మ నా వీలునామాకు కాలరు కట్ చేసింది, వంపు ఎంత బాగా తీసిందో చూడు' అని నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చేసింది. నీళ్ళు తాగించా."

బెంగమ్మకు 16 అని వేసి కింద గీత గీసిన చెయ్యి కళ్ళ ముందు కదిలింది. తిప్పి చూసే వేశాడన్నమాట. చూసి, అదే ముక్కతో, అన్ని కాలర్లు.

"మళ్ళీ ఇంకోటి రాయండి నాన్నా, నేనిస్తా డాక్టరుకు అన్నా. వద్దన్నారు. 'నీ చేతికిస్తే మీ అమ్మను దొంగను చేసినట్టుంటుంది. ఎవరైనా అడిగితే నాతో చెప్పారను, అంతే. కాగితం మాట ఎత్తకు. దాని నోటితో అదే చెబుతుంది' అన్నారు."

"చెప్పకపోతేనో?"

"నేనూ అదే అడిగా."

"ఏమన్నారు?"

కూతురు తల్లి కళ్ళజోడు వైపు చూసింది. ఈసారి తుడవలేదు. "చెబుతుందే, కొంచెం ఆలస్యంగా చెబుతుంది అన్నారు."

బెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టి ఉంటే ఓర్చుకునేది. నమ్మాడే, దానికేం చెయ్యాలి? ఆ కాస్త ఆలస్యాన్ని కూడా కొలిచి, లోపల రెండు వేళ్ళు వదిలిపెట్టినట్టు వదిలాడు. అదంతా తను ఆఖరి దారందాకా వాడేసుకుంది, కూతురి మొహం మీద, ఆయన మణికట్ల మీద.

కొడుకు కిటికీ దగ్గర్నుంచి వచ్చాడు. చెల్లెలి ముందు నిలబడి ఏదో అనబోయాడు. అంత గొంతూ ఎక్కడికి పోయిందో. జేబులోంచి పాసు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నువ్వెళ్ళు లోపలికి. నేనిక్కడ కూర్చుంటా."

"నువ్వూ రా అన్నయ్యా."

"ఇద్దరికేగా."

"ఈ పూట ముగ్గురూ రావొచ్చండీ," అంది అటుగా వెళ్తున్న నర్సు.

లోపల మంచం చుట్టూ తెర లాగారు. డాక్టరమ్మ సూదిమందు ఇచ్చి, కాసేపు ఆగి, నర్సుకు తల ఊపింది. నర్సు ముందు మణికట్ల పట్టీలు విప్పింది. కుడిచెయ్యి దుప్పటి మీద వాలింది. కూతురు దాన్ని పట్టుకుంది, కొడుకు పాదాలు పట్టుకున్నాడు. గొట్టం ఇంకా తీయలేదు.

"అమ్మా," అంది బెంగమ్మ నర్సుతో, "ఈ మెడ దగ్గర ముడి ఒక్కటి... విప్పొచ్చా? దేనికన్నా తగిలించారేమో..."

నర్సు వంగి చూసింది. "ఇదా? గౌను నాడా కదమ్మా, దేనికీ తగిలించలేదు. ఎప్పుడో విప్పేయాల్సింది. అయ్యో, కందిపోయింది కూడా."

పదమూడు రోజులు.

బెంగమ్మ ముడి మీదకు వంగింది. చెమటకు గట్టిపడింది. గోరుతో ఒక పోగు లేపి, రెండోది జార్చి, కుట్టు విప్పినంత జాగ్రత్తగా విప్పింది. పెట్టె ఏమీ అరవలేదు. కందిన చోట వేలితో రాసింది. తర్వాత నాడాలు మళ్ళీ కట్టింది, వదులుగా, ముడి పక్కకు వచ్చేలా. కట్టి, అలవాటు ప్రకారం, తన రెండు వేళ్ళు లోపల పెట్టి చూసింది.

దూరాయి.

"ఇక తీయండమ్మా," అంది.